మూడు రాడ్ల జీపులో అరకు దాకా

మా బావగారి జీపులో డ్రైవరు కాళ్ళ దగ్గర మూడు రాడ్లు ఉంటాయి. ఒకటి పొడుగ్గా, తల మీద నల్లగుండు పెట్టుకుని పెద్దకోడలులా నిలబడి ఉంటుంది. అది మామూలు గేరు రాడ్డు. దాని పక్కన రెండు పొట్టి రాడ్లు. ఆ రెండిటి సంగతీ తెలియనివాడికి జీపు సంగతే తెలియదని మా బావగారి సిద్ధాంతం. ఏళ్ళ తరబడి ఆ జీపెక్కి తిరిగానే గాని, ఆ రెండూ ఎక్కేవాడి పంచె పట్టుకోవడానికే ఉన్నాయని నేననుకునేవాణ్ణి.

జీపు 1972 నాటిది. అమెరికాలో 1953లో పుట్టిన సీజే-3బీ అనే మోడలు. దాన్నే మహీంద్రావారు మన దేశంలో చాలాకాలం తయారుచేశారు. బావగారు దాన్ని ఒక సర్కారు వేలంలో కొన్నారు. కొన్ననాటి నుంచి మా అక్కయ్యకూ దానికీ పడదు.

ఈమధ్య దానికి నాలుగు జబ్బులు పట్టుకున్నాయి. నడుస్తున్నంతసేపూ కిందినుంచి ఒక కూత. ముందు చక్రాలకు బలమిచ్చే పొట్టి రాడ్డు వేస్తే పడుతుంది, తీస్తే రాదు. బరువు లాగడానికి ఉన్న రెండో పొట్టి రాడ్డు "లో"లో వేస్తే, దిగుడులో టక్కున బయటికి వచ్చేస్తుంది. హాండుబ్రేకు పట్టదు. బావగారు దాన్ని నగరంలో ఒక పెద్ద షెడ్డుకి తీసుకువెళ్ళారు. వాళ్ళు కింద దూరి చూడనైనా చూడకుండా, "గేర్‌బాక్సు పోయిందండీ. ట్రాన్స్‌ఫర్ బాక్సూ పోయింది. రెండూ మార్చాలి. దానికయ్యే డబ్బుతో ఇంకో బండి వస్తుంది" అన్నారట. ఆ మర్నాడే పాత ఇనుము కొట్టువాడు గుమ్మంలోకి వచ్చి ధర చెప్పిపోయాడు. అతనికి కబురెవరు పంపారో బావగారికి ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు.

"కార్తీకమాసం. అందరం అరకు వెళ్ళివద్దాం," అన్నది అక్కయ్య. "దారిలో ఆగకుండా వచ్చిందా, మీ జీపు మీ ఇష్టం. ఆగిందా, తిన్నగా ఇనుము కొట్టుకి."

బావగారు ఒప్పుకున్నారు. కాలిబ్రేకులు కొత్తగా వేయించారు గనక భయం లేదన్నారు. హాండుబ్రేకు లేని బండిలో పిల్లల్ని ఘాటీ ఎక్కించడం తప్పని ఇప్పుడనిపిస్తోంది గాని, ఆనాడు మా ఇద్దరికీ అనిపించలేదు.

తెల్లవారుజామున విశాఖపట్నం విడిచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరేసరికి ఎండ వచ్చింది. కొత్తవలస దగ్గర రైలుగేటు వేసి ఉంటే బైలడిల్లా ఖనిజం మోసుకొచ్చే పెట్టెలు వరసగా పోతున్నాయి. 1960లలో వేసిన కిరండూలు లైను ఇది. కొండల్ని తొలిచి, సొరంగాల మీద సొరంగాలు దాటించి, బస్తరు ఇనుపరాయిని సముద్రం దాకా దింపుతుంది. "కొండమీది ఇనుము కిందికి వస్తోంది, మనం కిందది పైకి తీసుకుపోతున్నాం" అన్నది మా ఆవిడ. బావగారు నవ్వలేదు.

శృంగవరపుకోట దాటగానే దారి కొండ పట్టుకుంటుంది. మలుపు తిరిగిన కొద్దీ చలి ఒక్కొక్క పొరగా మీద పడుతుంది. అనంతగిరి చుట్టూ కాఫీతోటలు. కాఫీమొక్క ఎండకు ఓర్వదు గనక పైన నిటారుగా సిల్వర్ ఓకు చెట్లు, వాటి మొదళ్ళ నుంచి పైదాకా అల్లుకున్న మిరియపు తీగలు. ఒక్క చెట్టుకింద మూడు సంసారాలు. జీపు నెమ్మదిగా పోతుంది గనక ఇవన్నీ చూడగలిగాము. మా వెనకాల చేరిన కార్లవాళ్ళు మాత్రం హారన్లు తప్ప ఏమీ చూసినట్టు లేదు.

ఒకచోట కొండచరియ జారి రోడ్డంతా ఎర్రబురద. బావగారు ముందు చక్రాల రాడ్డు వేశారు. జీపు గేదె నీళ్ళలోంచి లేచినట్టు లేచి, బురద దాటి అవతలికి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో రాడ్డు తియ్యడం మరిచిపోయి, తారురోడ్డు మీద అల్లాగే నాలుగైదు కిలోమీటర్లు ఎక్కించారు. గాలికొండ దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు రాతిరోలులా బరువెక్కింది. మలుపులో బండి తిరగనని మొరాయిస్తోంది. అప్పుడు జ్ఞాపకం వచ్చి రాడ్డు లాగితే, రాదు! గుంజినా రాదు, కాలితో తన్నినా రాదు.

ఎగుడులోనే ఆపారు. ఇంజను ఆపి, బండిని మొదటి గేరులో ఉంచి, కాలిబ్రేకు మీంచి కాలు తీసి, రెండు చేతులా రెండు పొట్టి రాడ్లనూ పట్టుకుని గుంజారు. రావలసింది రాలేదు, రాకూడనిది వచ్చింది. రెండో రాడ్డు "న్యూట్రలు"లో పడ్డది. జీపు వెనక్కి దొర్లింది.

ఆ క్షణంలో జరిగినదేమిటో నాకు తరవాత తెలిసింది. ఇంజను నుంచి వచ్చే బలం గేర్‌బాక్సు దాటి ట్రాన్స్‌ఫర్ బాక్సులోకి వచ్చి, అక్కడ ముందుకీ వెనక్కీ పంపకమవుతుంది. ట్రాన్స్‌ఫర్ బాక్సు న్యూట్రలులో ఉంటే, పెద్ద రాడ్డు ఏ గేరులో ఉన్నా చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. ఇహ పట్టుకోవలసింది హాండుబ్రేకు ఒక్కటే. అదేమో పట్టదు. వెనకసీటులో మా ఇద్దరు పిల్లలు, మా ఆవిడ, అక్కయ్య. వెనక మలుపు, మలుపు అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. ఒక మనిషి పొడుగు వెనక్కి పోయాక బావగారి కాలు బ్రేకు మీద పడ్డది. నేను దూకి చక్రం కింద రాయి పెట్టాను. చేతులు వణికి రాయి నా కాలిమీదే పడింది. రెండోసారి చక్రం కిందికి వెళ్ళింది. అక్కయ్య ఒక్క మాట అనలేదు. కిందికి దిగి, పిల్లల్ని తీసుకుని గట్టు మీద కూర్చున్నది. ఆవిడ మాట్లాడకపోతేనే మాకు భయం.

అప్పుడు పైనుంచి ఒక సర్వీసు జీపు దిగింది. ఏజెన్సీ ప్రాంతంలో సర్వీసు జీపు తెలియనివారుండరు. బస్సు పోని ఊళ్ళకు అదే బస్సు. సంతకు పోయే పసుపు బస్తాలూ రాజ్‌మా మూటలూ, కోళ్ళూ, వాటి మధ్య మనుషులూ. డ్రైవరు నడివయసువాడు. బండి ఆపి, బీడీ చెవిమీద పెట్టుకుని వచ్చాడు.

"ఏటయింది బాబూ? బిగబట్టేసిందా?"

బావగారు ట్రాన్స్‌ఫర్ బాక్సు పోయిందని మొదలెట్టారు. అతను వినడం లేదు. వంగి ముందు టైరు చూశాడు. వెనక్కి వెళ్ళి వెనక టైరు మీద అరచెయ్యి రాశాడు. "వెనకయి కొత్తవి ఎప్పుడేసినారు?"

"రెండు నెలలయింది."

"బిగబట్టడం ఎప్పుడు మొదలయింది?"

బావగారు ఆలోచించారు. "రెండు నెలలయింది."

అతను తన బండిలోంచి ఒక తాడు తెచ్చి, వెనక టైరు చుట్టూ బిగించి ముడి పెట్టాడు. అదే తాడు ముందు టైరుకి చుడితే ముడి దాటి మూడంగుళాలు మిగిలింది. అంతే అతని పరీక్ష. బావగారి మొహం మీద ఎండ వచ్చినట్టయింది.

ఈ మూడంగుళాల కథ మా పిల్లలకు నేను చెప్పిన తీరు ఇది. ఒకే కాడికి రెండెద్దుల్ని కట్టారు. ఒకదాని అడుగు పొడుగు, ఒకదాని అడుగు పొట్టి. పొలంలో అయితే కాస్త జారుతూ, కాస్త సర్దుకుంటూ నడిచిపోతాయి. కాడి ఏమాత్రం కదలని చోట కడితే, పది అడుగులు వేసేసరికి ఒకదాని మెడ ఒకటి విరుస్తాయి. ఈ పాతకాలపు జీపులో ముందు రాడ్డు వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే లెక్కన తిరగవలసిందే. మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియలు లేదు. చుట్టుకొలతలో మూడంగుళాల తేడా అంటే కిలోమీటరుకు 30 మీటర్లకు పైగా తేడా. బురదలో చక్రం జారి ఆ తేడా పోతుంది. తారురోడ్డు మీద ఎక్కడికి పోతుంది? షాఫ్టులు మెలిపడతాయి, ఆ మెలిక బిగువులో రాడ్డు కింది గేరు పళ్ళు ఇరుక్కుంటాయి. టైర్లు నాలుగూ సమానంగా ఉన్నా, మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే పెద్ద వలయం తిరుగుతాయి గనక ఘాటీ మలుపుల మీద ఇదే ఇబ్బంది వస్తుంది. 1970లో ఇంగ్లండులో వచ్చిన రేంజ్ రోవరులాంటి బళ్ళలో మధ్యన డిఫరెన్షియలు పెట్టారు గనక వాటికి ఎప్పుడూ నాలుగు చక్రాలూ నడిచినా చెల్లింది. మన జీపుకి చెల్లదు. గట్టిరోడ్డు మీద రెండు చక్రాలే దానికి ధర్మం.

డ్రైవరు బావగారి సీట్లో కూర్చున్నాడు. ముందుగా రెండో పొట్టి రాడ్డును "హై"లో పెట్టాడు. నన్ను రాయి తియ్యమని, రివర్సు వేసి, స్టీరింగు కొంచెం తిప్పుతూ, ఎడమపక్క చక్రాలు రోడ్డు దిగి మట్టిలో పడేట్టు పదిగజాలు నెమ్మదిగా వెనక్కి పోనిచ్చాడు. క్లచ్చి తొక్కి రెండు వేళ్ళతో రాడ్డు లాగాడు. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు వచ్చింది! మెలిక ఏవైపు పడిందో దానికి ఎదురు తిప్పితే విడిపోతుందట. అదీ కుదరకపోతే ఒక చక్రాన్ని జాకీ మీద ఎత్తితే చాలునట, గిర్రున తిరిగి బిగువు వదిలేస్తుంది. మేము చేసినట్టు తన్నితే మాత్రం లోపలి ఫోర్కు వంగుతుంది. అప్పుడు నిజంగానే బాక్సు విప్పాలి.

డబ్బివ్వబోతే తీసుకోలేదు. "ఆయిలు కారతంది బాబూ, పాడేరులో ముసలి మేస్త్రికి సూపించండి" అని ఒక షెడ్డు గుర్తులు చెప్పి దిగిపోయాడు.

అరకులోయ మీకు తెలిసిందే. వలిసెపూల కాలంలో చూడని వారికి మాత్రం తెలిసిందనను. కొండవాలు పొడుగునా పసుపు ఆరబోసినట్టుంటుంది. ఫొటోలకోసం చేలో దిగి తొక్కేవారి దగ్గర రైతులు ఇప్పుడు డబ్బు తీసుకుంటున్నారు; తీసుకోవలసిందే, అది నూనెగింజల పంట, పూలతోట కాదు. ఆ రాత్రి చలికి ముడుచుకుని పడుకున్నాము. అక్కయ్య బావగారితో మూడు మాటలు మాట్లాడింది. మూడూ దుప్పటి గురించే.

మర్నాడు హుకుంపేట మీదుగా పాడేరు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక ఇదే జిల్లా కేంద్రం. మోదకొండమ్మ గుడికి ఆడవాళ్ళు వెళ్ళారు. మేము షెడ్డుకి వెళ్ళాము. రేకుల పందిరి, నాలుగు పానాలు, ఒక జాకీ, ఒక ముసలి మేస్త్రి. ఏజెన్సీలో పాత జీపులు ఇంకా తిరుగుతున్నాయంటే ఇల్లాంటి పందిళ్ళే కారణం.

మేస్త్రి పానా ముట్టుకోలేదు. ముందు చెవి పెట్టాడు. బండి నిలబెట్టి, పెద్ద రాడ్డు న్యూట్రలులో పెట్టి, ఇంజను నడిపించాడు. శబ్దం లేదు. క్లచ్చి తొక్కమన్నాడు, వదలమన్నాడు. తేడా లేదు. "క్లచ్చి వదిలినప్పుడు గరగరమని, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు బేరింగులని అర్థం. అవి బాగున్నాయి" అన్నాడు. తరవాత వీధిలో ఒక చుట్టు తిప్పాడు. మొదటి గేరులో కూత, రెండులో కూత, మూడులోనూ కూతే. "మూడో గేరులో బలం తిన్నగా పోతుంది, గేర్‌బాక్సు పళ్ళమీద బరువుండదు. అందులోనూ కూస్తోందంటే ఆ గొంతు గేర్‌బాక్సుది కాదు, వెనక ట్రాన్స్‌ఫర్ బాక్సుది. దీనికి హైలో వేసినా లోలో వేసినా బలం పళ్ళమీదనుంచే దిగాలి. అంచేత పుట్టిననాటి నుంచీ కూస్తుంది. కూత కొత్తగా పెరిగిందా లేదా అన్నదే చూడాలి."

పెరిగిందన్నారు బావగారు. అయితే ఆయిలు చూద్దామన్నాడు.

రెండు పెట్టెలకూ పక్కన ఒక్కొక్క బిరడా ఉంటుంది. అది విప్పి వేలు పెడితే ఆయిలు బిరడా కంత అంచుదాకా తగలాలి. గేర్‌బాక్సులో వేలు పెడితే తగిలింది. ట్రాన్స్‌ఫర్ బాక్సులో రెండు కణుపులు పోయినా తగలలేదు. కింది బిరడా విప్పి మిగిలినదంతా పాత గిన్నెలోకి దింపాడు. చిటికెడు వేళ్ళ మధ్య రాసి చూశాడు. బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే అది అరుగుదల, సహజం. పలుకులు తగిలితే పళ్ళు విరుగుతున్నాయన్నమాట. అయస్కాంతానికి అంటని పచ్చటి మెరుపు గేర్‌బాక్సు ఆయిలులో కనపడితే ఇత్తడి రింగు అరుగుతోందని. మా దాంట్లో మెత్తటి ముద్ద తప్ప మరొకటి లేదు.

"మరి ఆయిలు ఎటు పోయింది?" అన్నాను.

మేస్త్రి నవ్వి, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరున్న డ్రమ్ము విప్పాడు. హాండుబ్రేకు ఈ జీపులో చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనకనే ఉంటుంది. ఆయిల్ సీలు పగిలి, కారిన చుక్క కారినట్టు డ్రమ్ములోకే దిగింది. బ్రేకు లైనింగులు నూనెలో ముంచిన గారెల్లా ఉన్నాయి. ఒక్క సీలు పగలడంవల్ల ఒకపక్క బాక్సు ఎండి కూత పెట్టింది, ఒకపక్క హాండుబ్రేకు పట్టు జారింది. షెడ్డువారు రెండు జబ్బులన్నది ఒకటే జబ్బు. గాలికొండ దగ్గర మేము లోయకేసి దొర్లింది ఆ రబ్బరుముక్క మూలంగా. సీలు మార్చాడు. లైనింగులు కడిగితే లాభం లేదని కొత్తవి వేశాడు. ఆయిలు తొంభై నంబరు, జి.ఎల్.4 రకమే పొయ్యాలన్నాడు. ఆ పై రకంలోని మందు కొన్ని పాత గేర్‌బాక్సుల ఇత్తడి రింగుల్ని తినేస్తుందట.

ఇక మిగిలింది లో గేరు ఎగిరిపోవడం. మేస్త్రి ఆ రాడ్డుని లోలో వేసి, దాని మొదలుకేసి చాలాసేపు చూశాడు.

"ఈ పట్టా ఎవరేశారు?"

కాళ్ళ దగ్గర మందపాటి కొబ్బరిపీచు పట్టా. అక్కయ్య దసరాకి కొని వేసింది. జీపులో ఆవిడకు నచ్చిన వస్తువు అదొక్కటే. రాడ్డు పూర్తిగా వెళ్ళవలసినంత దూరం వెళ్ళకుండా దాని అంచు అడ్డం పడుతోంది. దానికి తోడు గేర్‌బాక్సు కింద కూర్చునే రబ్బరు దిమ్మ అణిగిపోయి, పెట్టె మొత్తం కిందికి దిగింది. దాంతో రాడ్లు నేలరేకు కంతకు రాసుకుంటున్నాయి. పైకి లోలో పడ్డట్టే ఉంటుంది, లోపల పళ్ళు సగమే కలుస్తాయి. దిగుడులో ఇంజను పట్టినప్పుడు సగం కలిసిన పళ్ళు జారి విడిపోతాయి. ఫోర్కుని గుంటలో పట్టి ఉంచే గుండూ స్ప్రింగూ అరిగినా ఇల్లాగే అవుతుంది గాని, అది చూసేముందు పైనున్నవి చూడాలన్నాడు. చాలామంది ఇక్కడే బాక్సు విప్పేస్తారట. రబ్బరు దిమ్మ మార్చి, పట్టాను కత్తితో జానెడు కోశాడు.

పరీక్షకు ఊరి బయట గెడ్డలోకి దిగే మట్టిబాటకు తీసుకువెళ్ళాడు. గుండె జారే వాలు. ముందు రాడ్డు వేసి, తరవాత లో వేశాడు. ముందుది వెయ్యనిదే లో పడదు. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీద పడకుండా చేసిన కట్టుబాటు అది. లోలో వేగం రెండున్నర రెట్లు తగ్గుతుంది, లాగుడు అంత పెరుగుతుంది. బ్రేకు ముట్టకుండా, నడిచే మనిషి నడకలో జీపు దిగింది. రాడ్డు కదల్లేదు. సగం ఎక్కాక ఆపి, హాండుబ్రేకు లాగి, మేస్త్రి జీపు దిగిపోయాడు. లోపల నేనూ బావగారూ. చక్రం కింద రాయి లేదు. బండి అట్టే నిలబడ్డది. బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తిరుగుదారి చింతపల్లి, లంబసింగి మీదుగా. చింతపల్లి ఠాణా మీద 1922 ఆగస్టులో సీతారామరాజు దళం పడ్డది. లంబసింగి దారి వేయించడానికి కొండవాళ్ళ చేత సరైన కూలి ఇవ్వకుండా చేయించిన వెట్టి ఆ కోపానికి ఒక కారణం. ఆ మలుపులు దిగుతుంటే ఎవరి చేతులు ఆ రాళ్ళు కొట్టాయో అనిపించక మానదు. రోడ్డు తారుది గనక బావగారు పొట్టి రాడ్ల జోలికి పోలేదు. రెండో గేరులో ఇంజను పట్టు మీదనే నర్సీపట్నం దాకా దింపారు. మంచు వెనకే ఉండిపోయింది. వెనకసీటులో అక్కయ్య నిద్రపోయింది. ఆ జీపులో ఆవిడ నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు.

నర్సీపట్నంలో కాఫీకి ఆగినప్పుడు ఆవిడ ఫోను మోగింది. పాత ఇనుము కొట్టువాడు.

"లేదు బాబూ," అన్నది అక్కయ్య. "అమ్మడం లేదు." తరవాత చేత్తో ఫోను కప్పి బావగారి వైపు తిరిగింది. "ముందువి రెండు టైర్లూ కొత్తవి ఎంతవుతాయండీ?"